ఉప్పుగాలిలో లోహపు పనిశాల

నెల్లూరు తీరమున మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె, కృష్ణపట్నము మొదలగు ఊళ్ల చుట్టుప్రక్కల ఇనుముతో పని లేని ఇల్లు అరుదు. చేపల పడవలకు ఇంజనులున్నవి. వరిపొలములకు నీటి పంపులున్నవి. రొయ్యల గుంటలలో నీటిని చిలికి ఆక్సిజనును చేర్చు తెడ్ల చక్రములున్నవి. ఈ చక్రముల సంగతియే చూడుడు. రాత్రివేళ గుంటలోని నాచు ఆక్సిజనును విడుదల చేయదు. పైగా తానును దానినే పీల్చుకొనును. కనుక తెల్లవారుజామునకు నీటిలో ఆక్సిజను మిక్కిలి తగ్గిపోవును. ఆ వేళ ఒక చిన్న బోల్టు తెగి చక్రము ఆగినచో, గంటల వ్యవధిలో పంట అంతయు చేయిజారిపోవచ్చును. పట్టణములోని మరమ్మతు దుకాణము తలుపు తెరచువరకు రొయ్యలు ఆగవు. అట్టి సమయమున ఇంటి పెరటిలో ఒక వైసు, ఒక రంపము, నాలుగు ఆకురాళ్లు, ఒక డ్రిల్లు ఉన్నవాడు తనకే కాక వీధికంతటికిని అక్కరకు వచ్చును.

ఇట్టి పనిశాలను పెట్టుకొనదలచినవారు సామాన్యముగా అడుగు ప్రశ్న, “ఏ యంత్రము కొనవలెను?” అనునది. ఈ తీరమున దానికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: “కొన్నదానిని తుప్పు తినకుండ ఎట్లు కాపాడుకొందును?” దూరపు మెట్టయూళ్లలో పదేండ్లు చెక్కుచెదరని ఆకురాయి, ఇక్కడ ఒక్క కార్తె వానలలో మొద్దుబారిపోవచ్చును. కావున పనిముట్టు వెలలో దాని సంరక్షణకు పట్టు శ్రమను కూడ కలిపి లెక్కించుకొనవలెను. ఆ లెక్క తెలిసినవాడు తక్కువ కొనును, మంచివి కొనును, వరుసగా కొనును.

ఉప్పు చేయు పని

ఇనుము తుప్పు పట్టుటకు నీరు, ఆక్సిజను రెండును కావలెను. ఇనుపముక్కపై కంటికి కనిపించని పలుచని తడిపొర ఏర్పడినప్పుడు, ఒకచోట ఇనుము అయానులుగా కరగి ఎలక్ట్రానులను విడుచును. మరియొకచోట ఆక్సిజను, నీరు కలిసి ఆ ఎలక్ట్రానులను గ్రహించును. అనగా ఆ ముక్కమీద లెక్కలేనన్ని చిన్న విద్యుత్ ఘటములు పనిచేయుచున్నవన్నమాట. ఘటము పనిచేయవలెనన్న దానిలోని ద్రవము విద్యుత్తును ప్రసరింపజేయవలెను. శుద్ధజలము మంచి వాహకము కాదు. ఉప్పునీరు మంచి వాహకము. అంతేకాక, ఉప్పులోని క్లోరైడు అయానులు లోహముపై సహజముగా ఏర్పడు రక్షకపొరను తూట్లు పొడుచును. పుట్టిన తుప్పు తన మాతృకయైన ఇనుముకంటె రెండు రెట్లకు మించిన చోటు ఆక్రమించును. నట్టు బోల్టును విడువక పట్టుకొనుటకు కారణమిదియే.

ఉప్పు చేయు రెండవ కీడు ఇంకను గడుసైనది. అది గాలిలోని తేమను తనవైపు లాగుకొనును. శుద్ధమైన సోడియం క్లోరైడు, గాలిలోని సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతము దాటిన పిమ్మట నీరు పీల్చి తానే ద్రవముగా మారును. కాని సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడ ఉండును. దీనికి సుమారు 33 శాతము ఆర్ద్రతయే చాలును. వానకాలమున వంటయింటి జాడీలో కల్లుప్పు నీరు కారుటయు, శుద్ధిచేసిన పొడి ఉప్పు అంతగా చెమర్చకుండుటయు గృహిణులందరు ఎరిగినదే. ఆ జాడీలో జరుగు పనియే, గాలి మోసికొని వచ్చిన ఉప్పు రేణువు క్రింద మన వైసుమీద, మన లేతుమీద జరుగుచున్నది. గాలి పొడిగా తోచిన మధ్యాహ్నమున కూడ ఆ రేణువు క్రింద ఇనుము తడిగనే యుండును.

దీనినుండి ఒక ముఖ్యమైన నియమము ఏర్పడుచున్నది. ఉప్పును తొలగింపక నూనె రాచినచో, ఉప్పును నూనె క్రింద దాచిపెట్టినట్లే యగును. మొదట మంచినీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడువవలెను. పిదప పొడిగుడ్డతో తుడిచి ఆరనియ్యవలెను. ఆ పిమ్మటనే నూనె పూయవలెను. చేతిచెమటలో కూడ ఉప్పు కలదు. మెరుగుపెట్టిన ఉక్కుపై వ్రేలిముద్రల ఆకారముననే తుప్పు తేలుట అందుచేతనే.

చోటును, నిలువయు

కెరటములు విరిగినప్పుడు లేచు తుంపరల ఉప్పులో అధికభాగము తీరమునకు మొదటి కొన్ని వందల మీటర్లలోనే నేల రాలును. కనుక ఇంటిస్థలములో వెసులుబాటు ఉన్నచో పనిశాలను సముద్రమునకు వీలైనంత ఎడముగా, ఇంటికి పడమటి వైపున కట్టుకొనవలెను. తలుపు, కిటికీలు తూర్పున పెట్టరాదు. మధ్యాహ్నము వీచు సముద్రపు గాలి సూటిగా లోనికి రాకుండుటయే ఉద్దేశము. తూర్పున సరుగుడు తోపు ఉన్నచో అది కొంత ఉప్పును తన ఆకులపై పట్టుకొనును. అరుగు ఎత్తుగా ఉండవలెను. ఈశాన్య ఋతుపవనము, దానితోపాటు తుఫానులు ఈ జిల్లాకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చును.

ఇనుము గాలికంటె ఆలస్యముగా వేడెక్కును. గాలి 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 85 శాతము ఆర్ద్రతతో ఉన్నదనుకొందము. అట్టి గాలి 27 డిగ్రీలకంటె చల్లగా ఉన్న వస్తువును తాకినచో దానిపై మంచు కురిసినట్లు నీరు పట్టును. రాత్రి చల్లబడిన బరువైన పోత ఇనుము ఉదయమున తడిసి కనబడుటకు ఇదియే కారణము. అందుచే తెల్లవారగనే తలుపులు బార్లా తీయుట మంచిది కాదు.

చిన్న పనిముట్లకు తలుపు గట్టిగా మూసికొను బీరువా ఉత్తమము. దాని లోపలి గాలిని కొద్దిగా వెచ్చగా ఉంచినచో ఆర్ద్రత తానే తగ్గును. పైన చెప్పిన 30 డిగ్రీల, 85 శాతపు గాలిని 34 డిగ్రీలకు వేడిచేసినచో, దానిలోని నీటి ఆవిరి మారకున్నను సాపేక్ష ఆర్ద్రత సుమారు 68 శాతమునకు దిగును. నాలుగు డిగ్రీల వెచ్చదనము ఉప్పు చెమర్చు హద్దునుండి చాలవరకు కాపాడుచున్నదన్నమాట. దీనికి పాతకాలపు తీగబల్బు 25 వాట్లది ఒకటి బీరువా అడుగున వెలిగించినచో చాలును. ఎల్.ఇ.డి. దీపము వేడి నీయదు కనుక ఈ పనికి చాలదు. బల్బునకు ఇనుపజాలి తొడిగి, నూనెగుడ్డలను దానికి దూరముగా ఉంచవలెను.

విద్యుత్తు లేని పెట్టెకు సున్నము తోడ్పడును. ఈ తీరమున గుల్ల కాల్చి సున్నము చేయుట పాత వృత్తి. నీరు తగులని కాల్చిన సున్నమును ఒక వెడల్పు మూతి డబ్బాలో మూడవవంతు వరకు పోసి పెట్టెలో ఒక మూల ఉంచినచో, అది తేమను పీల్చుకొనును. పీల్చినకొలది ఉబ్బి పొడియగును. కావుననే డబ్బాను నిండుగా నింపరాదు. పూర్తిగా పొడియైన పిమ్మట మార్చవలెను. కాల్చిన సున్నము కంటికి ప్రమాదకరము, నీరు తగిలినచో మిక్కుటముగా వేడెక్కును. పిల్లలకు అందనీయరాదు.

మొదట చేతిపనిముట్లు

పనిశాలలో మొదటి వస్తువు యంత్రము కాదు, వైసు. వస్తువు కదలక నిలిచినప్పుడే రంపమైనను ఆకురాయియైనను సరిగా కోయును. దౌడల వెడల్పు 100 మిల్లీమీటర్లు గల వైసు ఇంటిపనికి చాలును. దానిని బరువైన బల్లకు బోల్టులతో బిగించి, దౌడల పైఅంచు నిలిచిన మనిషి మోచేతి ఎత్తున ఉండునట్లు అమర్చవలెను. దాని మరకు గ్రీజు పెట్టి, దౌడలకు నూనె పూయవలెను. వైసును దాగలిగా వాడి దానిపై సమ్మెటతో కొట్టరాదు. పోత ఇనుము దెబ్బకు పగులును.

తరువాత ఆకురాళ్లు. 250 మిల్లీమీటర్ల పొడవున బల్లపరుపుది మోటుది ఒకటి, నునుపుది ఒకటి, అర్ధవృత్తాకారపుది ఒకటి, గుండ్రనిది ఒకటి, ముక్కోణపుది ఒకటి చాలును. ఆకురాయి ముందుకు నెట్టునప్పుడు మాత్రమే కోయును. వెనుకకు లాగునప్పుడు ఒత్తిడి తీసివేయవలెను. కొత్త ఆకురాయిని మొదట ఇత్తడిపై వాడి, వాడి కొంత తగ్గిన పిమ్మట ఉక్కుపై వాడవలెను. మొద్దుబారినది ఇత్తడిపై జారును. తోకకు కొయ్యపిడి లేనిదే ఏ ఆకురాయిని పట్టరాదు. జారినచో తోక అరచేతిలో దిగును. ఆకురాళ్లను ఒకదానిపై నొకటి పడవేయక విడివిడిగా గుడ్డలో చుట్టవలెను. ఆకురాయికి నూనె పూయరాదు. నూనెగల ఆకురాయి జారును, పొడిని పట్టుకొనును. తుప్పు మొదట తినునది సన్నని అంచులనే కనుక, ఆకురాళ్ల స్థానము సున్నపు పెట్టె.

హాక్సా రంపమునకు బ్లేడును ఎన్నుకొనుటలో ఒక సూత్రము కలదు: కోయబడు మందములో కనీసము మూడు పళ్లు ఒకేమారు ఆనవలెను. అంగుళమునకు 24 పళ్లు గల బ్లేడులో పంటికి పంటికి నడుమ దూరము సుమారు 1.06 మిల్లీమీటర్లు, కావున అది 3 మిల్లీమీటర్లు, అంతకు పైబడిన మందమునకు తగును. బరువైన కడ్డీలకు 18 పళ్లది, పలుచని గొట్టములకు 32 పళ్లది వాడవలెను. ఇంకను పలుచని రేకును రెండు చెక్కల నడుమ బిగించి చెక్కలతోసహా కోయవచ్చును. పళ్లు ముందునకు చూచునట్లు బ్లేడును తగిలించవలెను.

కొలతకు ఉక్కు బద్ద, మూలమట్టము, గీతకడ్డీ, కేంద్రమును గుర్తించు పంచి, 0.02 మిల్లీమీటర్లవరకు చదువు వెర్నియరు ఒకటి కావలెను. తుప్పు పట్టిన కొలపరికరము లేనిదానికంటె కీడు. లేనప్పుడు జాగ్రత్తపడుదుము, ఉన్నప్పుడు నమ్ముదుము.

మరలు తీయు ట్యాపులు, డైలు మొదట మూడు కొలతలలో చాలును. 6 మిల్లీమీటర్ల మరకు 5.0, 8 మిల్లీమీటర్ల మరకు 6.8, 10 మిల్లీమీటర్ల మరకు 8.5 మిల్లీమీటర్ల రంధ్రము ముందుగా తొలువవలెను. ఇక్కడ ఒక చిక్కు కలదు. ఆంగ్లేయ ఇంజనీరు విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన అంగుళపు మరకు కోణము 55 డిగ్రీలు. మెట్రిక్ మరకు 60 డిగ్రీలు. మనదేశమున మెట్రిక్ కొలతలకు చట్టము 1956లో వచ్చినను, పాత ఇంజనులలోను నీటిగొట్టములలోను విట్‌వర్త్ ఆకారపు మరలు నేటికిని కనబడును. అంగుళములో 16 భాగములకు 5 భాగముల బోల్టు వ్యాసము 7.94 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల బోల్టునకు ఇది చూపులో తోబుట్టువు. కాని మొదటిదాని మర అడుగు 1.41 మిల్లీమీటర్లు, రెండవదానిది 1.25. ఒకదాని నట్టు మరియొకదానిపై ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగిసిపోవును. అప్పుడు స్పానరుతో బలవంతము చేసినచో మర చెడును. మర అడుగును కొలుచు గేజి ఈ పొరపాటును తప్పించును.

రంధ్రములు తొలుచుట

మొదటి యంత్రముగా 13 మిల్లీమీటర్ల చక్కు గల చేతి డ్రిల్లు తగినది. పని పెరిగిన పిమ్మట బల్లపై నిలుచు డ్రిల్లింగు యంత్రమును కొనవచ్చును. దానిలో పట్టీని పుల్లీలపై మార్చి వేగమును మార్చవచ్చును.

చాలమంది బరమాలు విరుగుటకు, కాలుటకు కారణము వేగము తెలియకపోవుటయే. హైస్పీడు ఉక్కు బరమా అంచు మెత్తని ఉక్కుపై నిమిషమునకు సుమారు 25 మీటర్ల వేగమున నడువవలెను. దానిని చుట్లలోనికి మార్చుటకు సులభ సూత్రమిది: ఆ వేగమును మీటర్లలో తీసికొని 320 చే హెచ్చించి, బరమా వ్యాసపు మిల్లీమీటర్లచే భాగింపవలెను. 10 మిల్లీమీటర్ల బరమాకు నిమిషమునకు 800 చుట్లు, 5 మిల్లీమీటర్లదానికి 1,600 చుట్లు వచ్చును. తుప్పుపట్టని ఉక్కునకు ఈ వేగములో సగముకంటె తక్కువ ఉండవలెను, ఒత్తిడి మాత్రము ఎడతెగక ఉండవలెను. వేగము ఎక్కువై ఒత్తిడి తగ్గినచో ఆ ఉక్కు రాపిడికి గట్టిపడి బరమానే తినివేయును.

వస్తువును చేతితో పట్టి తొలువరాదు. బరమా ఆవలివైపునకు బయటపడు క్షణమున వస్తువును పట్టి తిప్పును. పలుచని రేకు కత్తివలె తిరుగును. తిరుగు యంత్రముల దగ్గర చేతితొడుగులు, ఉత్తరీయము, వ్రేలాడు చొక్కా చేతులు, జారిన చీరకొంగు, విరియబోసిన జుట్టు పనికిరావు.

సాన యంత్రము, కన్ను

150 మిల్లీమీటర్ల సానచక్రము నిమిషమునకు 2,900 చుట్లు తిరుగునప్పుడు దాని అంచు సెకనునకు సుమారు 23 మీటర్లు పరుగెత్తును. చేతితో పట్టు యాంగిల్ గ్రైండరు 100 మిల్లీమీటర్ల బిళ్లతో 11,000 చుట్లు తిరుగునప్పుడు అంచువేగము సెకనునకు 57 మీటర్లు, అనగా గంటకు 200 కిలోమీటర్లకు పైబడినది. ఆ వేగమున విడిపోయిన ముక్కకు కన్ను ఎదురైనచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ యంత్రమును కొను రోజుననే ప్రక్కలు మూసికొను కంటియద్దములను కొనవలెను. యంత్రమునకు ఉన్న కప్పును ఊడదీయరాదు. బిళ్లపై వ్రాసిన గరిష్ఠ వేగము యంత్రవేగమునకు తక్కువ కారాదు.

కొత్త సానచక్రమును తగిలించుటకు ముందు దానిని వ్రేలిపై వ్రేలాడదీసి కొయ్యపిడితో మెల్లగా తట్టవలెను. గంటవలె మ్రోగినచో మంచిది. బొంగురుగా పలికినచో లోపల పగులు కలదు, పారవేయవలెను. చక్రమునకు, వస్తువు ఆనించు మెట్టుకు నడుమ సందు 3 మిల్లీమీటర్లకు మించరాదు. రెజిన్‌తో చేసిన కోతబిళ్లలను తేమ బలహీనపరచును. వాటి నడిమి ఇనుపచుట్టుపై గడువు తేదీ ముద్రించి ఉండును. ఈ తీరమున ఆ తేదీని మందుసీసాపై తేదీవలె చూచుకొనవలెను. బిళ్లలను డజన్లకొలది కొని నిలువచేయరాదు.

అతుకుట, కాల్చుట

సన్నని రేకుపనికి, తీగలకు టంకము చాలును. టంకమువేయు విద్యుత్ కడ్డీలు పలువాటిలో వేడితీగను పలుచని అభ్రకపు రేకుపై చుట్టుదురు. అభ్రకము వేడిని ఓర్చును, విద్యుత్తును పోనీయదు. గూడూరు ప్రాంతపు గనులలో తీసిన అభ్రకమునకు దేశాంతరములలో పేరు వచ్చుటకు ఈ గుణములే కారణము. టంకమునకు వాడు ఆమ్లపు ద్రావకమునందు క్లోరైడు కలదు. పని ముగిసిన పిమ్మట వేడినీటితో కడుగనిచో అతికినచోటనే తుప్పు మొదలగును.

ఉలి, పంచి వంటివాటిని పదును పెట్టుటకు ఊరి కమ్మరి కొలిమి విద్య నేటికిని చాలినది. కార్బను ఉక్కును చెర్రీపండు ఎరుపు వచ్చువరకు కాల్చి నీటిలో ముంచినచో అది గాజువలె గట్టిపడును, గాజువలెనే పగులును. ఆ పెళుసుదనము పోవుటకు దానిని మెరుగుపెట్టి తిరిగి మెల్లగా వేడిచేయవలెను. మెరుగుపై తేలు రంగులే ఉష్ణమాపకము: సుమారు 230 డిగ్రీల వద్ద గడ్డి రంగు, 280 వద్ద ఊదా రంగు, 300 వద్ద నీలము. ఇనుము కోయు ఉలి అంచునకు ఊదా రంగు వచ్చినప్పుడు చల్లార్చవలెను. ఉలి తల మాత్రము మెత్తగనే ఉండవలెను. దెబ్బలకు పుట్టగొడుగువలె విచ్చుకొన్న తలను సానపట్టి సరిచేయనిచో, దాని అంచులు విరిగి ఎగురును.

వెల్డింగునకు నేడు తేలికైన ఇన్వర్టరు సెట్లు దొరకుచున్నవి. అయితే దాని లోపలి పంకా గాలితోపాటు ఉప్పును కూడ లోనికి లాగును. సముద్రపు గాలి వీచు ఆరుబయట దానిని తెరచి ఉంచరాదు. పని ముగియగనే కప్పిపెట్టవలెను. చెమ్మగిలిన వెల్డింగు కడ్డీ అతుకులో బుడగలు పుట్టించును. సామాన్యపు కడ్డీలను సుమారు 100 డిగ్రీల వద్ద ఆరబెట్టి వాడవచ్చును. జింకు పూత గల గొట్టములను వెల్డింగు చేయునప్పుడు లేచు తెల్లని పొగ పీల్చినచో, కొన్ని గంటల పిమ్మట చలిజ్వరము వచ్చును. అతుకుచోట పూతను ముందుగా గీకివేసి, గాలి ధారాళముగా ఆడుచోట పని చేయవలెను. ఆ పిమ్మట గీకిన చోట జింకు రంగు పూయనిచో ఉప్పు అక్కడనే ప్రవేశించును.

లోహముల ఎంపికకూడ అతుకుటలో భాగమే. సముద్రపు నీరు తగులుచోట 304 రకపు తుప్పుపట్టని ఉక్కు కూడ గుంటలు పడును. 2 నుండి 3 శాతము మాలిబ్డినము గల 316 రకము ఎక్కువ కాలము నిలుచును. భిన్నలోహములు ఉప్పునీటిలో తాకి ఉన్నచో వాటిలో ఒకటి రెండవదానికి బలియగును. అల్యూమినియపు ముక్కకు ఉక్కు బోల్టు బిగించినచో బోల్టు చుట్టును అల్యూమినియము తరిగిపోవును. నడుమ ప్లాస్టికు బిళ్ల వేసి వాటిని విడదీయవలెను. పడవ అడుగున జింకు దిమ్మెలు కట్టుట ఇదే సూత్రమును మేలునకు వాడుకొనుట. జింకు తాను కరిగి ఉక్కును నిలుపును. మామూలు ఉక్కుపై వాడిన సానబిళ్లను తుప్పుపట్టని ఉక్కుపై వాడరాదు. దానినుండి అంటిన ఇనుపరేణువులు తుప్పుపట్టి, మంచి ఉక్కునకు అపకీర్తి తెచ్చును.

లేతు: చివరి మెట్టు

లేతు యంత్రములకు తల్లి యని పేరుపొందినది. 1800 ప్రాంతమున ఇంగ్లండులో మాడ్‌స్లే నిర్మించిన మరలు కోయు లేతుతో, ఒకే కొలత మరలను మరల మరల తీయుట సాధ్యమైనది. మన తెలుగునేలపై 1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్, పొరుగున బెంగుళూరులో 1953లో హెచ్.ఎం.టి. యంత్రపు పనిముట్ల నిర్మాణమునకు స్థాపింపబడినవి. పాత లేతులు నేటికిని చేతులు మారుచు చిన్న పనిశాలలకు చేరుచున్నవి.

పాత లేతును కొనువాడు రంగును చూడరాదు, పాన్పును చూడవలెను. చక్కునకు దగ్గరి భాగమే ఎక్కువ అరుగును. బండిని చక్కు దగ్గర తేలికగా కదలునట్లు బిగించి చివరవరకు నడిపినచో, అక్కడ అది గట్టిగా బిగిసిపోయినయెడల నడుమ అరుగుదల ఎంతయో తెలియును. చక్కును చేతితో పైకి క్రిందికి ఎత్తిచూచి బేరింగులో వదులును పసికట్టవలెను. గేర్ల పళ్లు విరిగినవేమో లెక్కించవలెను. పాన్పుపై గుంటలు గుంటలుగా తుప్పు తిన్నచో, ఎంత చవుకయైనను ఆ బేరము వదలుకొనుట మేలు. పైపైన తేలిన ఎర్రని తుప్పు కిరసనాయిలు గుడ్డతో పోవును, గుంట పూడదు.

ఇంటికి తెచ్చిన లేతును గట్టి పునాదిపై మట్టముగా నిలుపవలెను. కోతకు నీరు కలిపిన ద్రావణమును వాడినరోజున పాన్పును తుడిచి ఆరబెట్టి నూనె పూయక ఇంటికి పోరాదు. చిన్నపనికి వట్టి కోతనూనెయే మేలు. పాలిథీను పరదాతో గట్టిగా చుట్టుట తప్పు. లోపల చిక్కిన తేమ బయటికి పోక పాన్పుమీదనే నిలుచును. నూనె పట్టించిన దళసరి గుడ్డ కప్పుట ఉత్తమము.

వారమునకు రెండు గంటలైనను లేతు తిరుగు పని లేనివాడు దానిని కొనుటకంటె, ఊరిలో ఉన్న లేతువానికి కూలి ఇచ్చి పని చేయించుకొనుట లాభము. తిరుగుచున్న యంత్రమును తుప్పు అంతగా తాకదు. దానిని తుడుచు చేయి రోజును వచ్చును గనుక.

విద్యుత్తు విషయము

ఒక అశ్వశక్తి 746 వాట్లు. అట్టి మోటారు నడుచునప్పుడు 230 వోల్టుల వద్ద సుమారు 6, 7 ఆంపియర్లు తీసికొన్నను, బయలుదేరునప్పుడు దానికి ఐదారు రెట్లు తీసికొనును. సన్నని తీగతో దూరముగా లాగిన లైనులో వోల్టేజి పడిపోయి మోటారు మూలుగును, కాలును. కావున పనిశాలకు తగిన మందముగల తీగతో వేరుగ లైను వేయించుకొనవలెను. ఉప్పుతేమ ప్లగ్గులలోను స్విచ్చులలోను చేరి విద్యుత్తు పైకి కారుటకు దారిచేయును; తడినేలపై నిలిచినవానికి అది ప్రాణాపాయము. మంచి ఎర్తింగుతోపాటు, 30 మిల్లీ ఆంపియర్లు కారినంతనే లైనును తెంపు రక్షక స్విచ్చి తప్పక ఉండవలెను. దాని పరీక్షబొత్తామును నెలకొకమారు నొక్కిచూడవలెను. ఈ ఖర్చును గ్రైండరు వెలలోనే కలుపుకొనవలెను కాని, తరువాత చూతమని విడువరాదు.

దినచర్య

పని ముగిసిన పిమ్మట పది నిమిషములు తుడుచుటకు కేటాయింపవలెను: లోహపు పొడిని కుంచెతో ఊడ్చుట, పిండిన తడిగుడ్డతో ఉప్పును తీయుట, పొడిగుడ్డతో తుడుచుట, నూనెగుడ్డతో పైపైన రాచుట. సముద్రముమీద హోరుగాలి వీచినరోజున పని చేయకున్నను ఇది చేయవలెను. నెలకొకమారు సున్నపు డబ్బాను చూడవలెను, వైసుమరకు గ్రీజు మార్చవలెను. తుఫాను హెచ్చరిక వచ్చినచో మోటారులను విప్పి మెట్టయెక్కించి, పాన్పులకు దళసరిగా గ్రీజు పూయవలెను. ఉప్పునీట మునిగిన పనిముట్టును నీరు తీయగనే మంచినీటితో కడుగవలెను; ఎండనిచ్చి తరువాత కడుగుదమన్నచో తుప్పు ముందే పని ముగించుకొనును. మునిగిన మోటారునకు మాత్రము పూర్తిగా ఆరబెట్టి, తెలిసినవానిచే పరీక్ష చేయించిన పిమ్మటనే విద్యుత్తు కలుపవలెను.

ఇక కొనుటకు వరుస ఇది: మొదట బీరువా, వైసు, సుత్తి, రంపము, ఆకురాళ్లు, కొలపరికరములు, పిదప ట్యాపులు, డైలు, చేతిడ్రిల్లు, ఆ పిమ్మట కంటియద్దములతోకూడ గ్రైండరు, పని కోరినప్పుడు వెల్డింగు సెట్టు, అన్నిటికిని చివర లేతు. ఒక మెట్టున ఉన్నవి ఒక్క వానకాలము గడచియు తుప్పు లేక నిలిచినప్పుడే తరువాతి మెట్టు ఎక్కవలెను. అందుకు ఖరీదైన ఆర్ద్రతామాపకము అక్కరలేదు. వంటయింటిలోని కల్లుప్పు జాడీని చూచుచుండినచో చాలును. అది చెమర్చిన రోజున ఇంటి యజమాని నూనెగుడ్డ చేతబట్టి పనిశాలకు పోవలెను.